పేలే ముందు మసక: కొబ్బరితోటలో ఒక కేస్ స్టడీ

మా అయస్కాంతమాపకం గీసిన ఆ గ్రాఫు ఇప్పటికీ మా ల్యాబ్ గోడ మీదే ఉంది. ప్రింటర్‌లో ఇంకు అయిపోతున్నప్పుడు తీసిన కాగితం కాబట్టి కాస్త వెలిసిపోయింది. ఎడమవైపు నుంచి గొంగళిపురుగులా గుబురుగా వస్తున్న గీత ఒకచోట సన్నబడి, తొమ్మిది నిమిషాలపాటు దారంలా నడుస్తుంది. ఆ తొమ్మిది నిమిషాలు ముగియబోతుండగా ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. ఆ వెంటనే మునుపటికన్నా రెండింతలు గుబురెక్కుతుంది. దాని కింద మా ఫైనలియర్ అమ్మాయి ఎర్ర పెన్నుతో "సబ్‌స్టార్మ్?" అని రాసింది. ప్రశ్నార్థకం తనే పెట్టింది. పెట్టకపోయినా ఆ రోజు నేను దిద్దేవాణ్ని కాదు, నాకూ అలాగే అనిపించింది.

కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ముగ్గురు విద్యార్థులతో 2024 మే నుంచి 2025 ఫిబ్రవరి దాకా నడిచిన ప్రాజెక్టు ఇది. కాట్రేనికోన వైపు నుంచి వచ్చే అమ్మాయి, అల్లవరం కుర్రాడు, పి.గన్నవరం కుర్రాడు. ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో వెలిగే ధ్రువకాంతులు (అరోరాలు) సబ్‌స్టార్మ్‌లో భగ్గుమనే ముందు కాసేపు మసకబారతాయన్న సంగతిని మా శక్తి కొద్దీ పరీక్షించాలన్నది లక్ష్యం. ఇలాంటి ప్రాజెక్టు పెట్టుకోవాలనుకునే లెక్చరర్లకు పనికొస్తుందని, మేం బోల్తా పడిన చోట్లు దాచకుండా రాస్తున్నాను.

పోలింగుకు ముందు శుక్రవారం

2024 మే 10. సోమవారం పోలింగ్. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో ప్రచార రథాల మైకులు ఆగింది ఆ రాత్రి పొద్దుపోయాకే. ఉక్కపోతకు నిద్రపట్టక జనం డాబాల మీద దొర్లుతున్నారు. సరిగ్గా అప్పుడే, మన టైము ప్రకారం రాత్రి 10:35 ప్రాంతంలో, సూర్యుడి నుంచి వచ్చిన పెద్ద తాకిడి భూమి అయస్కాంత క్షేత్రాన్ని గుద్దింది. 2003 అక్టోబరు తర్వాత జీ5 స్థాయికి, అంటే అన్నిటికన్నా పై మెట్టుకి, చేరిన మొదటి అయస్కాంత తుఫాను అదే. మన పక్క ఎవరికీ ఏమీ తెలియలేదు. మర్నాడు లదాఖ్‌లోని హాన్లే దగ్గర ఎర్రబడిన ఆకాశం ఫోటోలు వాట్సాప్‌లో తిరిగాయి.

"మన ఊళ్లో ఎందుకు కనపడలేదు సార్?" అని అల్లవరం కుర్రాడు మెసేజ్ పెట్టాడు. దానికి జవాబు సులువే. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశంలో తిరునెల్వేలి దరిదాపుల్లో వెళ్తుంది. దాని నుంచి కొలిస్తే డెల్టా పది డిగ్రీల లోపే ఉంటుంది. ధ్రువకాంతుల వలయం మామూలుగా 65 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఎంత పెద్ద తుఫానైనా ఆ వలయం వాకిట్లోకి వస్తుందని అంతర్వేది సముద్రపొడ్డున కూర్చుని ఎదురుచూడలేం.

కాట్రేనికోన అమ్మాయి అడిగింది మాత్రం వేరే. ఆన్‌లైన్‌లో కెనడా వీడియో ఒకటి చూసిందట. "ఆకుపచ్చ చార ఒకటి చాలాసేపు కదలకుండా ఉంది సార్. తర్వాత ఆకాశమంతా పేలిపోయింది. కానీ పేలే ముందు ఒకసారి ఆరిపోబోయినట్టు అయింది. దీపం కొండెక్కే ముందు వెలుగుతుందంటారు కదా, ఇదేంటి, వెలిగే ముందు కొండెక్కుతోంది?"

నేను చూడకుండానే "కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ అమ్మా, దానికదే సర్దుకుంటుంది" అనేశాను. ఈ కేసులో మొదటి తప్పు అదే. రెండో తప్పు దీనికి సరిగ్గా తిరగేసినది, అది కొబ్బరితోటలో జరిగింది.

నిజంగా జరిగేది

వారం తర్వాత మొహమాటంగా ఆ అమ్మాయిని పిలిచి నేను చదువుకున్నది చెప్పాల్సి వచ్చింది. క్లాసులో చెప్పిన వరసలోనే ఇక్కడా చెబుతాను.

భూమి అయస్కాంత క్షేత్రాన్ని సౌరపవనం (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల ధార) పగటివైపు నొక్కి, రాత్రివైపు తోకలా సాగదీస్తుంది. ఆ తోక చంద్రుడి కక్ష్య దాటి ఎంతో దూరం పోతుంది. సౌరపవనంతో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడు భూమి క్షేత్రంతో ముడిపడి, పగటివైపు రేఖలను ఒలిచి వెనక్కి లాక్కెళ్లి తోకలో పోగేస్తుంది. అరగంటో గంటో తోక అలా సాగుతూ, సన్నబడుతూ, శక్తిని నింపుకుంటుంది. కింద రాత్రి ఆకాశంలో మనిషికి కనపడేది మాత్రం తూర్పు పడమరలుగా పరుచుకున్న ఒక నిదానమైన కాంతి చార. అది మెల్లగా భూమధ్యరేఖ వైపు జారుతుంటుంది. ఒకానొక క్షణంలో ఆ చార భగ్గుమంటుంది, ముక్కలై మెలికలు తిరుగుతూ ధ్రువం వైపు ఎగబాకుతుంది. అదే సమయంలో దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున పడమరగా బలమైన విద్యుత్ ప్రవాహం పరుగెత్తుతుంది. కింద అయస్కాంతమాపకాల గీతలు వందల నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం) పడిపోతాయి. దీన్నే సబ్‌స్టార్మ్ అంటారు. తుఫానులో చిన్న విడత అనుకోండి, కానీ పెద్ద తుఫాను లేని రోజుల్లో కూడా వస్తుంది. ఈ క్రమాన్ని మొదట సరిగ్గా వర్ణించింది స్యున్-ఇచి అకసోఫు, 1964లో.

ఈ భగ్గుమనడానికి ముందున్న నిమిషాల మీద 1978లో రిస్టో పెల్లినెన్, వాల్టర్ హెయిక్కిలా ఒక పరిశీలన ప్రచురించారు. చార ముందు కాస్త ప్రకాశిస్తుంది, తర్వాత ఒకటి రెండు నిమిషాలు మసకబారుతుంది, ఆ తర్వాతే అసలు పేలుడు. మా అమ్మాయి ఫోన్లో చూసింది అదే.

అకసోఫు తర్వాత ఇది ఇంత స్పష్టంగా బయటపడటానికి పద్నాలుగేళ్లు ఎందుకు పట్టింది? నాకు తోచిన కారణం చాలా మామూలుది. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో పెట్టిన ఆకాశ కెమెరాలు ఎక్కువగా నిమిషానికో ఫోటో తీసేవి. నిమిషంన్నర మసక ఆ రీలులో ఒక ఫ్రేమో రెండు ఫ్రేములో ఉంటుంది. మబ్బు తునక అనుకుని దాటేయడానికి అంత చాలు. పెల్లినెన్, హెయిక్కిలా పదుల సెకన్ల తేడాతో చూశారు.

క్లాసులో ఎవరో "తుఫాను ముందు ఆకు కదలదు కదండీ, అలాంటిదే" అన్నారు. మా ప్రాంతంలో ఈ పోలిక వెంటనే నోటికొస్తుంది. 1996 నవంబరు 6 చూసినవాళ్లు ఇంటికొకరుంటారు, ఆ రోజు చెట్టు ఎలా నిలబడిందో, తర్వాత తోటలకు తోటలు ఎలా పడుకున్నాయో చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చలేదు. సబ్‌స్టార్మ్ ముందు ఉన్నది గాలి లేకపోవడం లాంటిది కాదు, పైన తోకలో బిగువు గరిష్ఠంగా ఉన్న సమయం అది. అందుకని కాలువ గట్టుకు గండి పడటం చెప్పాను. నీటిమట్టం పెరుగుతుంటుంది, గట్టు నానుతుంటుంది, ఒకచోట తెగుతుంది. ఈ పోలిక నాకు బాగా నచ్చి, మసకబారడాన్ని కూడా అందులో ఇరికించాను. గట్టు లోంచి కారే ఊట తెగే ముందు కాసేపు ఆగినట్టు అన్నాను. ఆ సాయంత్రం ధవళేశ్వరం లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మా మావయ్యగారిని అడిగితే నవ్వారు. "గండి పడే ముందు ఊట ఆగడమేంట్రా, ఎక్కువవుద్ది. ఆగితే మాకు నిద్రలుండేవి." మర్నాడు క్లాసులో ఆ ముక్క వెనక్కి తీసుకున్నాను. గండి పోలిక శక్తి పోగుపడటం వరకే పనికొస్తుంది. మసక దగ్గర అది చెల్లదు.

మరి మసక ఎందుకు? దీని మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. తోక వేగంగా రూపు మార్చుకుంటున్నప్పుడు పుట్టే ప్రేరిత విద్యుత్ క్షేత్రం, ఎలక్ట్రాన్లను కిందికి తోసి కాంతి పుట్టించే ఏర్పాటును కాసేపు దెబ్బతీస్తుందని ఒక వాదన. కాంతి చారకూ తోకకూ మధ్య నడిచే ప్రవాహాలు దారి మార్చుకునే సంధికాలమని ఇంకొకటి. ఈ రెండు నిమిషాల మీద అంత ఆసక్తి ఎందుకంటే, సబ్‌స్టార్మ్ ఎక్కడ మొదలవుతుందన్న పాత తగువు కూడా ఈ రెండు నిమిషాల్లోనే ఉంది. భూమికి దగ్గరగా, పది భూవ్యాసార్ధాల చోట తోకలోని ప్రవాహం తెగడంతోనా? ఇరవై వ్యాసార్ధాల ఆవల రేఖలు తెగి మళ్లీ అతుక్కోవడంతోనా? ఇది తేల్చడానికే నాసా 2007 ఫిబ్రవరి 17న థీమిస్ పేరుతో ఐదు ఉపగ్రహాలను పంపింది. కింద కెనడా, అలాస్కాల్లో మూడు సెకన్లకో ఫోటో తీసే ఇరవై కెమెరాలు పెట్టారు. 2008 ఫిబ్రవరి 26న ఒక సబ్‌స్టార్మ్ వాటికి చక్కగా దొరికింది. అప్పుడు అక్కడ రాత్రి, మనకు ఉదయం పది దాటింది. ఇరవై వ్యాసార్ధాల దగ్గర రేఖలు తెగిన 96 సెకన్లకు కింద కాంతి ఎగసింది. తగువు దాంతో పూర్తిగా ఆగలేదనుకోండి. కానీ పేలుడుకు ముందున్న ఒకటిన్నర నిమిషంలో పైన చాలా జరుగుతోందని మాత్రం గడియారం పెట్టి చూపించారు.

నక్షత్రాన్ని సాక్షిగా పెట్టుకోవడం

ప్రాజెక్టులో మొదటి భాగం ఇంట్లో కూర్చుని చేసింది. అందరికీ అందుబాటులో ఉన్న కెనడా ఆకాశ కెమెరాల చిత్రాలు దించుకున్నాం. ప్రతి చిత్రం నుంచి ఉత్తర దక్షిణాలుగా ఒక సన్నని పట్టీ కోసి, తాటాకు పాయలు పక్కపక్కన పేర్చి చాప అల్లినట్టు టైము ప్రకారం పేరిస్తే కియోగ్రామ్ వస్తుంది. అందులో చార జారడం, పేలడం కొట్టొచ్చినట్టు కనపడతాయి. పి.గన్నవరం కుర్రాడు రెండు రోజుల్లో కోడ్ రాసేశాడు. మొదట యూటీని (చిత్రాల మీద ఉండే అంతర్జాతీయ సమయాన్ని) మన టైముకు మార్చేటప్పుడు ఐదు గంటలు కలిపి అరగంట మర్చిపోయాడు. అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేసేదే.

అసలు కష్టం ప్రకాశం కొలవడంలో ఉంది. ఆకాశం మొత్తం సగటు తీస్తే చంద్రుడు ఎక్కినా, చార అంచుకు జారినా అంకె మారిపోతుంది. చార చుట్టూ చిన్న గడి గీసుకుని, చార కదిలినకొద్దీ దాన్నీ కదుపుతూ కొలవాలి. మసక కనపడింది సరే, అది మబ్బో, కెమెరా సర్దుబాటో, నిజమో ఎలా తెలుస్తుంది? చార పక్కన ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఎంచుకోమన్నాను. పల్చటి మబ్బు వస్తే నక్షత్రమూ మసకబారుతుంది. కెమెరా తనంతట తాను సర్దుకున్నా నక్షత్రం అంకె మారుతుంది. నక్షత్రం కదలకుండా చార ఒక్కటే తగ్గితే అప్పుడు నమ్మొచ్చు. మే నెలలో నేను ఆ అమ్మాయి నోరు మూయించిన "ఆటో ఎక్స్‌పోజర్" వాదనకు పరీక్ష ఇదే. ఆ రోజే ఈ పరీక్ష పెట్టి ఉండాల్సింది.

మూడు రాత్రులు తీసుకున్నాం. పెద్ద తుఫాను రాత్రులు కావాలనే వదిలేశాం. మే 10 లాంటి రాత్రి ఒక పేలుడు మీద ఇంకో పేలుడు పడి ఏది ఎప్పుడు మొదలైందో తెలియదు. చాలాసేపు ప్రశాంతంగా ఉండి, ఒంటరిగా వచ్చిన సబ్‌స్టార్మ్‌లు కావాలి. మొదటి రాత్రి మసక ఉంది, నక్షత్రమూ మసకబారింది, పక్కన పడేశాం. రెండో రాత్రి చార తగ్గింది, నక్షత్రం తగ్గలేదు, రెండు నిమిషాల లోపే ఆకాశం పేలింది. అమ్మాయి కుర్చీలోంచి లేచి ల్యాబ్ చుట్టూ ఒక రౌండ్ కొట్టింది. మూడో రాత్రి మసక లేకుండానే సూటిగా పేలింది.

ఇక్కడితో ఆపేసి "మూడింట ఒకటి" అని రాసుకోవచ్చు. కానీ పేలుళ్లను ఎంచుకుని వెనక్కి చూస్తే మసక కోసం మన కళ్లు ముందే సిద్ధమై ఉంటాయి. అందుకని రెండో రాత్రినే మళ్లీ మొదటి నుంచి, పేలుడు ఎక్కడుందో చూడకుండా, మసకల కోసం మాత్రమే వెతకమన్నాను. ఇంకో మసక దొరికింది, పేలుడుకు ముప్పావుగంట ముందు. దాని తర్వాత చార కాస్త ప్రకాశించి, విస్తరించకుండానే చల్లారింది. ఇలాంటి వాటికి ఈ రంగంలో సూడో బ్రేకప్ అని పేరుంది. పిల్లలు అప్పటికే ఫోన్‌లో అలర్ట్ ఆప్ చేద్దామని ప్లాన్ వేసుకుంటున్నారు. అది ఆ రోజుతో పోయింది. ముందస్తు హెచ్చరిక కావాలంటే సౌరపవనాన్ని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోనే కొలవడం మేలు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఉన్నది అక్కడే.

ఇంకో మాట. ఎర్రకాంతిలో ఈ మసక కోసం వెతకొద్దు. ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ కాంతి, 557.7 నానోమీటర్లది, పరమాణువు ఉత్తేజితమయ్యాక ముప్పావు సెకనులో బయటపడుతుంది. 630 నానోమీటర్ల ఎర్రకాంతికి రెండు నిమిషాల దాకా పట్టొచ్చు. పైనుంచి ఎలక్ట్రాన్లు ఆగిపోయినా ఎర్రటి వెలుగు ఆ కబురు ఆలస్యంగా అందుకుంటుంది. నిమిషంన్నర మసక అందులో కరిగిపోతుంది. ఆ లెక్కన హాన్లే ఫోటోలు మా పనికి ఎందుకూ కొరగావు, ఎంత అందంగా ఉన్నా.

కెమెరాతో సంబంధం లేని సాక్ష్యం 1978 పరిశీలనలోనే ఉంది, నాకు దాని మీద నమ్మకం కలిగించింది అదే. రియోమీటర్ అనే పరికరం కాంతిని చూడదు. గెలాక్సీ నుంచి ఎప్పుడూ వచ్చే రేడియో గరగరను 30 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో వింటూ కూర్చుంటుంది. శక్తిమంతమైన ఎలక్ట్రాన్లు 90 కిలోమీటర్ల ఎత్తు దాకా చొచ్చుకొస్తే అక్కడి పొర ఆ గరగరను మింగేస్తుంది. పేలుడుకు ముందు సుమారు పది నిమిషాలపాటు ఆ మింగడం నెమ్మదిగా తగ్గుతూ, ప్రశాంతమైన రోజుల స్థాయికి వచ్చేస్తుందని ఆ రికార్డుల్లో తేలింది. మబ్బుతో, లెన్సుతో, కంటితో పనిలేని పరికరం కూడా అదే సమయంలో తగ్గుదల చూపిస్తోంది.

అల్లవరం తోట

ఇక రెండో భాగం. మన దగ్గర ధ్రువకాంతి కనపడదు గానీ భూమి అయస్కాంత క్షేత్రం అందరికీ ఒకటే. సొంత అయస్కాంతమాపకం పెట్టి తుఫానును తోటలోంచే పట్టుకుందామని పిల్లల ఆరాటం. ఆన్‌లైన్‌లో దొరికే ఆర్ఎం3100 సెన్సర్ బోర్డు తెప్పించాం. అల్లవరం కుర్రాడి చిన్నాన్నగారి కొబ్బరితోటలో, రొయ్యల చెరువులకు కాస్త ఎడంగా పెట్టాం. ఇనుము లేకుండా చూసుకోవాలి కాబట్టి ఇత్తడి స్క్రూలు, చెక్క మేకులు వాడాం. ఉష్ణోగ్రత మారకుండా పీవీసీ గొట్టంలో పెట్టి భూమిలో పాతాలని పుస్తకం చెబుతుంది. డెల్టాలో మూడడుగులు తవ్వితే నీళ్లు. సెప్టెంబరు మొదటి వానకే గొట్టం బావి అయిపోయింది. మళ్లీ పైకి తీసి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాం. కరెంటు లైనుతో పెట్టుకోకుండా బ్యాటరీ మీద నడిపాం. ఆ జాగ్రత్తే తర్వాత మమ్మల్ని దారి తప్పించింది, అదీ చెబుతాను.

అక్టోబరు 10 సాయంత్రం ఇంకో పెద్ద తుఫాను వచ్చింది. విజయదశమికి రెండు రోజుల ముందు, ఊరంతా దసరా మైకులు. మన టైము 8:45 ప్రాంతంలో మా గీత ఒక్కసారి పైకి లేచి, తర్వాత రాత్రంతా దిగుతూ తెల్లవారేసరికి 200 నానోటెస్లాలకు పైగా పడింది. మా క్షేత్రం మొత్తం 40 వేల నానోటెస్లాలకు కాస్త పైన ఉంటుంది, అందులో ఇది అరశాతం. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ అబ్జర్వేటరీ గీతను పక్కన పెడితే ఆకారం కలిసింది. రెండు వేల లోపు సెన్సర్‌తో, ఇసుక బస్తాల మధ్య! ఆ వారమంతా మేం నేల మీద నడవలేదు.

గోడ మీద గ్రాఫు నవంబరు మొదటి వారం నాటిది. రాత్రి 1:31కి గీత సన్నబడింది. 1:38కి 130 నానోటెస్లాల మెట్టు. 1:40 నుంచి విపరీతమైన అలజడి. ముందు ప్రశాంతత, తర్వాత ఉన్నట్టుండి ఎగసిపడటం. ఆరు నెలలుగా దేని గురించి చదువుతున్నామో అచ్చం అదే ఆకారం. జిల్లాలో ఒక సైన్స్ సెమినార్ ఉంటే పోస్టర్ తయారు చేయమని నేనే అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. సబ్‌స్టార్మ్ మొదలయ్యే క్షణంలో మన అక్షాంశాల దాకా వచ్చేవి పై2 అనే చిన్న అలలు. వాటి పరిమాణం ఒక నానోటెస్లా అటూ ఇటూ. మా సెన్సర్‌కు పది కన్నా తక్కువైతే కనపడదు. 130 మెట్టు దాన్నుంచి రావడానికి వీల్లేదు. ఇది బీఎస్సీ పిల్లలకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. కోరుకున్న ఆకారం కనపడగానే తెలిసినది పక్కకు జరిగిపోయింది.

ఆపింది పి.గన్నవరం కుర్రాడు. పోస్టర్ ప్రింటుకు వెళ్లే ముందు రోజు వచ్చి, "హైదరాబాద్‌లో లేదు సార్. అలీబాగ్ అబ్జర్వేటరీలో లేదు. క్యోటో వాళ్లు ఇచ్చే ఏఈ సూచీ కూడా ఆ టైముకి పడుకునే ఉంది" అన్నాడు. ధ్రువకాంతుల వలయం కింద అయస్కాంత అలజడి ఎంతుందో చెప్పే అంకె అది. నేను వెంటనే ఒప్పుకోలేదు. "లోకల్‌గా ఉండొచ్చు కదా" అన్నాను. అన్న అరనిమిషానికి నాకే అర్థమైంది. వంద కిలోమీటర్ల ఎత్తున ప్రవాహం మారితే దాని ప్రభావం కింద వందల కిలోమీటర్ల మేర పడాలి. రెండెకరాల తోటకు మాత్రమే వచ్చే అయస్కాంత తుఫాను ఉండదు.

ఆ సాయంత్రమే నలుగురం తోటకు వెళ్లాం. చిన్నాన్నగారు చెరువు గట్టు మీద మేత ట్రేలు చూసుకుంటున్నారు. ఆ రాత్రి సంగతి అడిగాం.

"ఆ రోజు కరెంటు పోయింది కదండీ, ఒకటిన్నరకి. ఆయ్."

"టైమెలా గుర్తుందండీ?"

"రొయ్యలు పెంచేవోణ్నండి మాస్టారూ. కరెంటు పోయిన టైము గుర్తుండదా! పెళ్లిరోజు అడగండి, చెప్పలేను."

మిగతాది ఆయనే చెప్పుకుంటూ పోయారు. అర్ధరాత్రి దాటాక చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే నిమిషాలు లెక్కపెట్టుకోవాల్సిందే. కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు. ఈయన ఇంటి నుంచి బండేసుకుని ఆదరాబాదరాగా వచ్చారు. "ఇదిగో, ఈ చెట్టుకే ఆనించానండి." ఆ చెట్టు మా గొట్టానికి పదడుగుల దూరం. దిగి జనరేటర్ వేశారు. ఆగిన ఏరేటర్లన్నీ ఒక్కసారే అందుకున్నాయి.

అల్లవరం కుర్రాడు తల పట్టుకున్నాడు. "బాబాయ్, ఆ బండే మా సబ్‌స్టార్మ్."

మర్నాడు మధ్యాహ్నం పరీక్ష పెట్టాం. "పగలైతే పర్లేదండి, ఆపుకోండి" అని ఆయనే ఏరేటర్లు రెండు నిమిషాలు ఆపించారు. గీత సన్నబడింది. మళ్లీ వేస్తే గుబురెక్కింది. మా సెన్సర్ సెకనుకోసారి చదువుతుంది. కరెంటు తీగల చుట్టూ ఉండే క్షేత్రం సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. ఆ ఊపులో ఎక్కడ దొరికితే అక్కడ చదవడం వల్లే గీత ఎప్పుడూ గొంగళిపురుగులా ఉండేది. మేం అది సెన్సర్ స్వభావం అనుకున్నాం. కరెంటు పోయిన తొమ్మిది నిమిషాలే మా గీత నిజంగా శుభ్రంగా ఉంది. సెన్సర్ కూడా లైను మీద ఉంటే దానితోపాటే ఆగిపోయేది, ఖాళీ కనపడేది, కరెంటు పోయిందని ఆ రోజే తెలిసేది. బ్యాటరీ పెట్టినందుకు ఖాళీకి బదులు ప్రశాంతత కనపడింది. తర్వాత బండిని చెట్టు దగ్గరకు తెచ్చి, తీసి, ఐదుసార్లు చేశాం. ఐదు మెట్లు వచ్చాయి, చుట్టూ తిప్పి పెడితే మెట్టు కిందికి వచ్చింది. ఆయన కాసేపు చూసి, "నా బండికి ఇంత పవరుందా అండీ" అని నవ్వారు.

ఏం సమర్పించాం

పోస్టర్ రద్దు చేయలేదు, మార్చాం. ఎడమ సగంలో కెనడా రెండో రాత్రి, నక్షత్రం గీతతో సహా. కుడి సగంలో కొబ్బరితోట, బండి మెట్లతో సహా. రెండు ఆకారాలూ పక్కపక్కన పెడితే దూరం నుంచి ఒకేలా ఉంటాయి. జడ్జిగా వచ్చిన ఒకాయన కుడివైపు సగం ఎందుకు, తీసేస్తే బాగుండేదన్నారు. ప్రైజు రాలేదు. నాకు కుడి సగమే ఎక్కువ విలువైనదనిపిస్తుంది, ఆ మాట ఆయనతో అనలేదు.

అక్టోబరు 10 గీతను కూడా మళ్లీ తిరగేశాం, అందులో ఎంత తుఫాను, ఎంత దసరా జనరేటర్లు అని. గంటల తరబడి దిగిన దిగుడు హైదరాబాద్‌తో కలిసింది కాబట్టి అది నిలబడింది. దాని మీద మేం మురిసిపోతూ గుర్తు పెట్టుకున్న చిన్న చిన్న ముళ్లు మాత్రం ఒక్కటీ నిలవలేదు. వాటిలో రెండు రాత్రి పదిన్నరకు, తోట పక్క రోడ్డు మీద ఊరేగింపు వెళ్లిన టైముకు సరిపోయాయి.

ఈ ఏడాది కొత్త బ్యాచ్. సెన్సర్‌ను కరెంటు లేని ఒక లంకకు మార్చాం. అక్కడ ఏరేటర్లు లేవు, బళ్లు లేవు. గేదెల్ని గొలుసుల బదులు పలుపుతాళ్లతో కట్టమని రైతును ఒప్పించాం. నోట్‌బుక్‌లో మొదటి కాలమ్ ఇప్పుడు ఆకాశం గురించి కాదు: రేవులోకి పడవ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, లంగరు ఏ పక్కన వేశారు.